వియెన్నా అమ్మాయి, అమెరికా టీవీ దొంగలు

ఆస్ట్రియా నటి సెంటా బెర్గర్ పేరు నేను మొదటిసారి విన్నది మిల్వాకీలో, మా ఇంటి ఓనరమ్మ నోట. 1980ల మధ్యలో చదువు కోసం విస్కాన్సిన్ వెళ్ళి, యూనివర్సిటీకి దగ్గర్లో ఒక పాత ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్నాను. కింద ఆవిడ ఒక్కరే ఉండేవారు. పుట్టింది వియెన్నాలో, యుద్ధం తర్వాత భర్తతో అమెరికా వచ్చేశారు. మిల్వాకీలో జర్మన్ మూలాలున్న కుటుంబాలు చాలా ఎక్కువ. బేకరీల్లో, బీరు కంపెనీల పేర్లలో, పాత చర్చిల గోడల మీద ఆ భాష కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఆవిడ "వీళ్ళంతా జర్మన్లు, నేను వియెన్నా దాన్ని" అని గీత గీసి మరీ చెప్పేవారు. తెలుగువాళ్ళని మద్రాసీలంటే మనకి ఎలా ఉంటుందో, ఆవిడకీ అలాగే ఉండేదేమో.

రాత్రి పొద్దుపోయాక టీవీలో పాత సీరియల్స్ మళ్ళీ వేసేవాళ్ళు. చలికాలంలో నా గదిలో హీటర్ అంతంత మాత్రం. కింద హాల్లో వెచ్చగా ఉండేది కాబట్టి పుస్తకాలు పట్టుకుని అక్కడికి దిగేవాణ్ణి. ఆవిడ అల్లుకుంటూ టీవీ చూసేవారు, నేను చదువుతున్నట్టు కూర్చుని టీవీ చూసేవాణ్ణి. అలా ఒక రాత్రి 'ది మ్యాన్ ఫ్రమ్ అంకుల్' వచ్చింది. బ్లాక్ అండ్ వైట్. న్యూయార్క్‌లో ఒక మామూలు టైలర్ షాపు. లోపల ఇస్త్రీ మెషిన్ పిడి కిందికి నొక్కితే, బట్టలు వేసుకుని చూసుకునే చిన్న గదిలో గోడ తెరుచుకుంటుంది. గోడ వెనక అంతర్జాతీయ గూఢచారి సంస్థ. చిన్నప్పుడు డిటెక్టివ్ నవలలు దుప్పట్లో దాచుకుని చదివిన నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి? పుస్తకం మూసేశాను.

ఆ ఎపిసోడ్ పేరు 'ది డబుల్ అఫైర్'. ఎన్‌బీసీ టీవీ ఛానల్లో 1964 నవంబర్ 17న మొదటిసారి ప్రసారమైందట. హీరో నెపోలియన్ సోలో, అంటే రాబర్ట్ వాన్. అతని జోడీ రష్యన్ ఏజెంట్ ఇల్యా కుర్యాకిన్‌గా డేవిడ్ మెకలమ్. శత్రువుల సంస్థ పేరు థ్రష్. వాళ్ళు ఒక మనిషికి ప్లాస్టిక్ సర్జరీ చేయించి అచ్చం సోలోలా తయారుచేస్తారు. అసలువాణ్ణి పట్టేసి నకిలీవాణ్ణి అతని చోట పంపాలి. స్విట్జర్లాండ్ కొండల్లో దాచిన ఒక ప్రమాదకరమైన ఆయుధం దగ్గరికి ఆ నకిలీ సోలో చేరుకోవాలి. అదీ ప్లాను. అదే 1964లో మన దగ్గర ఎన్టీఆర్ 'రాముడు భీముడు'లో రెండు పాత్రలు వేసి ఆంధ్రదేశాన్ని ఊపేశారు. కాబట్టి డబుల్ యాక్షన్ నాకు కొత్త కాదు. ఒకే ఫ్రేములో ఇద్దర్ని ఎలా చూపించారా అని మా నాన్నతో కలిసి వాదించుకుంటూ పెరిగినవాణ్ణి.

సోలోని వలలో వేసే పని సెరీనా అనే ఆమెది. ఆమె తెర మీదికి రాగానే ఓనరమ్మ అల్లిక సూదులు ఒళ్ళో పెట్టేసి, "ఇదిగో, మా వియెన్నా అమ్మాయి!" అన్నారు.

అదే సెంటా బెర్గర్. అప్పుడు ఆమె వయసు ఇరవై మూడు. నేను చూసింది ఇరవై మూడేళ్ళ అమ్మాయిని అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. అంత నిలకడ. ఆ సీరియల్‌లో అందరూ హడావిడిగా ఉంటారు. తలుపులు తోసుకుంటూ వస్తారు, తుపాకులు తీస్తారు, పెన్నుల్లాంటి వైర్‌లెస్‌లలో మాట్లాడతారు. ఈమె మాత్రం తొందరపడదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే అతని మొహం మీంచి చూపు తిప్పదు. మాట పూర్తయ్యాక అరక్షణం ఆగి జవాబిస్తుంది. ఆ అరక్షణంలో ఆమె ఏదో తూకం వేస్తోందని మనకి తెలుస్తుంది. రాసిచ్చిన డైలాగుల్లో అంత లోతేమీ లేదు. వాటిని మించిన మనిషి ఒకరు వాటి వెనక ఉన్నారనిపించింది. ఆ రాత్రి నాకు ఇంత వివరంగా అనిపించిందని చెప్పను గానీ, "ఈమె ఎవరు?" అని ఓనరమ్మని పదే పదే అడిగిన మాట నిజం.

ఆవిడ చెప్పిన మరో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఇదే కథని ఆవిడ, భర్త కలిసి 1966లో సినిమా హాల్లో, రంగుల్లో చూశారట! తర్వాత చదివితే అర్థమైంది. ఈ ఎపిసోడ్‌ని ఎంజీఎం స్టూడియో వాళ్ళు రంగుల్లోనే తీశారు. మొదటి ఏడాది సీరియల్ మొత్తం బ్లాక్ అండ్ వైట్ కాబట్టి టీవీలో అలాగే వేశారు. ఆ తర్వాత కొన్ని సీన్లు అదనంగా తీసి, టీవీకి పనికిరాని కాస్త ఘాటైన సీన్లు కలిపి, 'ది స్పై విత్ మై ఫేస్' అనే పేరుతో సినిమాగా విడుదల చేశారు. ముందు 1965లో ఇంగ్లండులో వచ్చింది. 1966లో అమెరికాలో 'టు ట్రాప్ ఎ స్పై' అనే మరో సినిమాతో కలిపి ఒకే టికెట్ మీద రెండు సినిమాలుగా వేశారు. ఆ రెండోది కూడా ఇదే సీరియల్ మొదటి ఎపిసోడ్‌ని సాగదీసి తీసినదే. అందులో మాయలాడి పాత్రకి ఇటలీ నుంచి వచ్చిన లూచియానా పలూట్సి. ఒక సినిమాలో రోమ్ అమ్మాయి, ఇంకో సినిమాలో వియెన్నా అమ్మాయి, రెండింట్లోనూ అదే హీరో.

అప్పటి అమెరికా టీవీలో ఇది ఒక పద్ధతి. జేమ్స్‌బాండ్ గాలి ప్రపంచమంతా వీస్తున్న రోజులవి. మన దగ్గర కూడా 1966లో కృష్ణ 'గూఢచారి 116'గా వచ్చి ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయిపోయారు కదా. గూఢచారి కథ అంటే యూరప్, యూరప్ అంటే యాసతో ఇంగ్లీషు మాట్లాడే అందగత్తె. కానీ సీరియల్ యూనిట్ మాత్రం చాలావరకు కాలిఫోర్నియా స్టూడియో దాటి బయటికి వెళ్ళదు. పారిస్, జెనీవా, వెనిస్ అన్నీ వెనక సెట్టింగులే. ఆ అట్ట గోడల మధ్య నిజంగా యూరప్ నుంచి వచ్చిన మనిషి ఒక్కరుంటే చాలు, సీను మొత్తానికి నమ్మకం వచ్చేస్తుంది. నా దృష్టిలో ఆ గెస్ట్ నటీమణులు చేసిన అసలు పని అదే. వాళ్ళ పేర్లు మాత్రం టైటిల్స్‌లో ఒక్క క్షణం మెరిసి పోయేవి.

ఇక్కడ నాకు ఎప్పుడూ మన తెలుగు సినిమా గుర్తొస్తుంది. మన దగ్గర బయటి భాష హీరోయిన్ వస్తే గొంతు మార్చేస్తాం. డబ్బింగ్ ఆర్టిస్టు మాట్లాడుతుంది, ఈ అమ్మాయి పెదవులు కదుపుతుంది. దానివల్ల ఆమె పల్లెటూరి పిల్లగా, జమీందారు కూతురిగా, కలెక్టరుగా ఏదైనా కావచ్చు. హాలీవుడ్‌లో గొంతు ఉంచేవాళ్ళు. కానీ ఆ గొంతు ఉన్నందుకు గూఢచారిణిగానో, కౌంటెస్‌గానో, నైట్‌క్లబ్ డాన్సర్‌గానో తప్ప వేరే వేషం దొరికేది కాదు. ఈ రెంటిలో ఏది ఎక్కువ అన్యాయమో నేను ఇప్పటికీ తేల్చుకోలేను. సొంత గొంతు పోగొట్టుకోవడం బాధే. సొంత గొంతే జైలు కావడమూ బాధే.

ఇంక సెంటా బెర్గర్‌ని రెండోసారి చూడటం. అదీ ఆ హాల్లోనే, మరో శీతాకాలంలో. నటుడు రాబర్ట్ వాగ్నర్ అంటే అప్పటికి నాకు తెలుసు. 'హార్ట్ టు హార్ట్' అనే సీరియల్ ఆగిపోయి ఎంతో కాలం కాలేదు. ఓనరమ్మకి అతనంటే ప్రత్యేకమైన అభిమానం. అతను అంతకుముందు చేసిన 'ఇట్ టేక్స్ ఎ థీఫ్' గురించి చెప్పేవారు. ఏబీసీ ఛానల్లో 1968 జనవరి 9న మొదలై 1970 మార్చి దాకా, మొత్తం 66 ఎపిసోడ్లు నడిచిన సీరియల్ అది. కథలో మూలం చాలా చక్కనిది. అలెగ్జాండర్ మండీ అనే నేర్పరి దొంగ. ఖరీదైన బట్టలు, తీయటి మాటలు, ఎంతటి ఇనప్పెట్టె అయినా వేళ్ళకి లొంగుతుంది. శాన్ జోబెల్ అనే జైల్లో ఉంటాడు. ప్రభుత్వ గూఢచారి సంస్థ నుంచి నోవా బెయిన్ అనే పెద్దమనిషి వచ్చి బేరం పెడతాడు. మాకోసం దొంగతనాలు చెయ్యి, బయట ఉండు. గూఢచర్యం చెయ్యమనట్లేదు, కేవలం దొంగతనం చెయ్యమంటున్నాను అని టైటిల్స్‌లోనే అంటాడు. ఆ నోవా బెయిన్ పాత్రలో మలాకై త్రోన్ ఎంత బాగుంటాడో! మందంగా, విసుగ్గా, లోపల ప్రేమ దాచుకుని ఉంటాడు. మూడో ఏడాదిలో ఆయన లేడు. యూనిట్ ఇటలీ వెళ్తే ఆయన్ని అమెరికాలోనే ఉండి ఫోన్లలో ఆదేశాలిచ్చే పాత్ర చెయ్యమన్నారని, ఆయన ఒప్పుకోలేదని చదివాను. సరైన పనే చేశాడు. ఆ ఏడాది మండీ తండ్రిగా ఫ్రెడ్ ఆస్టేర్ వచ్చాడు. అంతటి నర్తకుడు ముసలి దొంగ వేషంలో నడుస్తుంటే ఆ నడకని చూస్తూ కూర్చోవచ్చు.

ఈ సీరియల్ మొట్టమొదటి ఎపిసోడ్‌లో గెస్ట్ నటి సెంటా బెర్గర్. గంటన్నర నిడివికి తీసిన ఆ పైలట్‌ని, అంటే ఆ మొదటి నమూనా ఎపిసోడ్‌ని, తర్వాత పొడిగించి 'మాగ్నిఫిసెంట్ థీఫ్' అనే పేరుతో టీవీ సినిమాగా కూడా వేసేవాళ్ళు. మేము చూసింది ఆ రూపమే. ఈసారి రంగుల్లో. 1964కీ 1968కీ మధ్య ఆమెలో వచ్చిన తేడా స్పష్టంగా కనిపించింది. ఇంగ్లీషు మీద పట్టు వచ్చింది. నవ్వు తేలికైంది. అల్ మండీ అనే దొంగ ఏ గదిలోకి వచ్చినా ఆ గది అంతా అతనిదే అయిపోవాలి. వాగ్నర్ ఆకర్షణ అలాంటిది. ఆమె ముందు మాత్రం ఆ గదిని పంచుకోవాల్సి వచ్చింది. ఓనరమ్మ చూపంతా ఆమె మీదే. "గొంతు వినవయ్యా, ఆ గొంతులో మా వీధి వినిపిస్తోంది" అన్నారు. ఇంగ్లీషు వాక్యంలో వియెన్నా వీధి వినడానికి ఆ వీధిలో పెరిగి ఉండాలి. నాకు అది వినిపించలేదు గానీ, పరాయి ఊళ్ళో తెలుగు యాస చెవిన పడితే ఒళ్ళు ఎలా జలదరిస్తుందో నాకూ తెలుసు. అందుకే మాట్లాడకుండా కూర్చున్నాను.

అంతకు రెండేళ్ళ ముందే ఆమె మరో దొంగతనం కథలో నటించింది. అది ఇటాలియన్ సినిమా, 1966లో డినో రీసి తీసిన 'ఓపెరాత్సియోనే సాన్ జెన్నారో'. నేపుల్స్ ఊరి దేవుడు లాంటి సాన్ జెన్నారోకి భక్తులిచ్చిన నగల నిధి మీద అమెరికా దొంగలు కన్నేస్తారు. ఊళ్ళో సాయం కోసం స్థానిక దొంగల్ని కలుపుకుంటారు. నీనో మన్‌ఫ్రెదీ, టోటో ఉన్న సినిమా. నేను చాలా ఆలస్యంగా చూశాను. దేవుడి నగలు దొంగిలించాలంటే ముందు దేవుణ్ణే అనుమతి అడగాలనుకునే ఆ దొంగల్ని చూస్తే మనవాళ్ళే అనిపిస్తారు. అమెరికా సీరియల్‌లో దొంగ ఒంటరి, నీటుగా ఉంటాడు. నేపుల్స్ దొంగకి మేనత్తలు, పెళ్ళిళ్ళు, భోజనాలు, మొక్కులు ఉంటాయి. ఈ రెండు రకాల దొంగల మధ్యా అదే నటి, రెండు చోట్లా ఇమిడిపోయింది. యూరప్ నటుల్లో నాకు ఇష్టమైన గుణం ఇది.

నిజానికి ఆ నాలుగైదేళ్ళలో ఆమె చేసిన పని చూస్తే కళ్ళు తిరుగుతాయి. మెక్సికోలో శామ్ పెకిన్‌పా తీసిన 'మేజర్ డండీ'లో చార్ల్‌టన్ హెస్టన్ సరసన. కర్క్ డగ్లస్‌తో ఒకటి, డీన్ మార్టిన్‌తో ఒకటి. వీటన్నిటిలో నాకు అన్నింటికన్నా ఎక్కువ నచ్చింది 1966 నాటి 'ది క్విలర్ మెమొరాండమ్'. స్క్రీన్‌ప్లే ఇంగ్లీషు నాటకకర్త హెరాల్డ్ పింటర్ రాశాడు. బెర్లిన్‌లో కొత్తగా తలెత్తుతున్న నాజీల జాడ తియ్యడానికి జార్జ్ సీగల్ వెళ్తాడు. సెంటా బెర్గర్ అక్కడ ఒక స్కూలు టీచరు, ఇంగె. ఆమె అమాయకురాలా, వాళ్ళ మనిషా? సినిమా చివర్లో స్కూలు ఆవరణలో వాళ్ళిద్దరూ ఎదురుపడతారు. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటారు. అతనికి తెలుసు, అతనికి తెలుసని ఆమెకీ తెలుసు. చుట్టూ చిన్నపిల్లలు. 'ది డబుల్ అఫైర్'లో నేను చూసిన ఆ అరక్షణం ఆగడం ఇక్కడ సినిమా మొత్తానికి మూలస్తంభం అయింది. గూఢచారి సీరియల్‌లో గెస్ట్ పాత్ర అంటే చిన్నచూపు చూసేవాళ్ళకి నేను ఈ రెండింటినీ వరసగా చూడమని చెబుతాను. అదే విద్య. మొదటిదాంట్లో చోటు లేదు, రెండోదాంట్లో పింటర్ చోటిచ్చాడు.

ఆ తర్వాత ఆమె వెనక్కి వెళ్ళిపోయింది. ఈ సంగతి ఓనరమ్మ చెప్పినప్పుడు నాలో ఏదో కదిలింది. ఆ రోజుల్లో మిల్వాకీలో మా తెలుగు కుర్రాళ్ళం శనివారం పప్పుచారు వండుకుని కూర్చుంటే, చివరికి మాట ఒక చోటికే చేరేది. చదువు అవ్వగానే వెళ్ళిపోదామా, కొన్నాళ్ళు సంపాదించుకుని వెళ్దామా, అసలు వెళ్తామా? హాలీవుడ్‌లో పెద్ద పెద్ద హీరోల పక్కన నటిస్తూ, టీవీలో పేరున్న సీరియల్స్‌కి పిలుపులు వస్తూ ఉండగా, ఒక మనిషి ఇంటికి వెళ్ళిపోవడం మాకు ఊహకి అందని విషయం. ఓనరమ్మకి మాత్రం అది గర్వం. "అక్కడ ఆమె అందమైన ఫారినర్. ఇక్కడికి వస్తే మనిషి" అన్నారు. "ఇక్కడ" అన్నప్పుడు ఆవిడ ఉన్నది మిల్వాకీలోనే. మనసు మాత్రం వియెన్నాలో ఉంది.

ఆమె వెళ్ళి ఏం చేసిందో నాకు పూర్తిగా తెలిసింది మ్యూనిక్‌లో. 2000ల మొదట్లో కంపెనీ నన్ను అక్కడికి పంపింది, కుటుంబంతో సహా చాలా ఏళ్ళు ఉండిపోయాం. జర్మన్ నేర్చుకోవడానికి టీవీ పెట్టుకునేవాళ్ళం. ఒక రాత్రి 'ఉంటర్ ఫెర్‌డాఖ్ట్' అనే సీరియల్ వస్తోంది. పోలీసుల మీదే విచారణ చేసే పోలీసు అధికారిణి, డాక్టర్ ఎవా మరియా ప్రొహాచెక్. మ్యూనిక్ పోలీసుల్లో, పెద్ద ఆఫీసర్లలో, మంత్రుల దగ్గరివాళ్ళలో ఉన్న అవినీతిని తవ్వి తీసే ఆవిడ. అరవై దాటిన మనిషి, వయసు దాచుకోని మొహం. ఎదురుగా అబద్ధం చెప్పే పై అధికారి. అతని మాట పూర్తయ్యింది. ఆమె అరక్షణం ఆగింది.

నేను కుర్చీలోంచి లేచాను. మా ఆవిడ "ఏమైంది?" అంటే చెప్పలేకపోయాను. ఆ ఆగడం చూసే గుర్తుపట్టాను. పేరు తర్వాత చూశాను. మిల్వాకీ హాలు, అల్లిక సూదులు, సెరీనా అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చాయి. ఓనరమ్మ అప్పటికే పోయారు. ఉండి ఉంటే ఫోన్ చేసి గంట మాట్లాడేవాణ్ణి.

ఆ సీరియల్ 2002లో మొదలై 2010ల చివరిదాకా నడిచింది. అన్నేళ్ళ పాటు ఒక దేశం ఒక పెద్ద వయసు స్త్రీని అవినీతిపరులు భయపడే అధికారిణిగా ఇష్టపడి చూసిందంటే నాకు చాలా గౌరవం కలిగింది. మన సీరియల్స్‌లో అరవై ఏళ్ళ స్త్రీకి అత్తగారి పాత్ర తప్ప ఇంకేం ఉంది?

మ్యూనిక్‌లో ఉన్నవాళ్ళకి సెంటా బెర్గర్ అంటే ఇంట్లో మనిషి. మా ఆఫీసులో పెద్దవాళ్ళతో ఆమె గురించి ఒక్క మాట ఎత్తితే చాలు, ఒక్కొక్కరూ ఒక్కో కథ అందుకునేవారు. చిన్నప్పుడు యుద్ధం ముగిసిన వియెన్నాలో పేదరికంలో పెరిగిందని, తండ్రి సంగీతకారుడని, నాలుగేళ్ళ వయసులో ఆయన పియానో వాయిస్తుంటే స్టేజీ మీద పాడిందని. వియెన్నాలో పేరున్న మాక్స్ రైన్‌హార్ట్ సెమినార్‌లో నటన నేర్చుకుంటూ, అనుమతి అడక్కుండా సినిమా వేషం ఒప్పుకుని చదువు పోగొట్టుకుందని. ఒకాయన 'కీర్ రొయాల్' గురించి చెప్పాడు. 1986లో వచ్చిన ఆరు భాగాల సీరియల్. మ్యూనిక్ డబ్బున్నవాళ్ళ గొప్పలని ఉతికి ఆరేసింది. అందులో ఆమె గాసిప్ కాలమ్ రాసే విలేకరి ప్రేయసి మోనా. మరొకావిడ సాల్జ్‌బర్గ్ ఉత్సవాల్లో చూశానని చెప్పింది. అక్కడ ప్రతి వేసవిలో కథీడ్రల్ ముందు 'యేడర్‌మాన్' నాటకం వేస్తారు. అందులో ప్రియురాలి పాత్ర దక్కడం ఆస్ట్రియా నటికి పెద్ద గౌరవం. 1974 నుంచి 1982 దాకా ఆ పాత్ర సెంటా బెర్గర్‌దే.

అన్నింటికన్నా నన్ను కట్టిపడేసింది ఆమె, భర్త మిఖాయెల్ ఫెర్‌హోఫెన్ కలిసి నడిపిన నిర్మాణ సంస్థ కథ. సెంటానా అని పేరు. 1965లో, అంటే సెరీనా వేషం వేసిన మరుసటి ఏడే మొదలుపెట్టారు. ఫెర్‌హోఫెన్ చదివింది డాక్టరు చదువు, మనసు సినిమా మీద. 1970లో ఆయన 'ఓ.కే.' అనే సినిమా తీశాడు. వియత్నాం యుద్ధంలో అమెరికన్ సైనికులు ఒక అమ్మాయిపై అత్యాచారం చేసి చంపిన సంఘటన. బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో జ్యూరీ అధ్యక్షుడు, అమెరికన్ దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ అభ్యంతరం చెప్పాడు. గొడవ పెరిగి చివరికి జ్యూరీ రాజీనామా చేసింది, ఆ ఏడు బహుమతులే ఇవ్వలేదు. రెండేళ్ళ క్రితం దాకా అమెరికా టీవీలో గెస్ట్‌గా వచ్చిన నటి ఇంట్లోంచి అలాంటి సినిమా రావడం ఆలోచించండి. ఇంక హాలీవుడ్ నుంచి పిలుపులు వస్తాయా రావా అన్న లెక్క ఆ ఇంట్లో ఎవరూ వేసుకోలేదన్నమాట.

1982లో 'డీ వైసె రోజె' తీశారు. హిట్లర్‌కి వ్యతిరేకంగా కరపత్రాలు పంచి ప్రాణాలు పోగొట్టుకున్న మ్యూనిక్ విద్యార్థుల కథ, సోఫీ షోల్ కథ. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే దారిలోనే ఆ యూనివర్సిటీ. ముందు ద్వారం దగ్గర నేలలో, పడిపోయిన కరపత్రాల్లా రాళ్ళు పొదిగి ఉంటాయి. సినిమా చూశాక అటు నడుస్తుంటే కాలు వాటి మీద పడకుండా చూసుకునేవాణ్ణి. 1990లో 'దస్ ష్రెక్‌లిషె మేడ్‌షెన్'. సొంత ఊరి నాజీ గతాన్ని తవ్వబోయిన స్కూలు అమ్మాయి మీద ఊరంతా ఎలా పగబట్టిందో చెప్పిన సినిమా. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. ఈ రెండు సినిమాల వెనకా వాళ్ళ సెంటానా సంస్థ ఉంది. 1971 జూన్‌లో జర్మన్ పత్రిక 'స్టెర్న్'లో, గర్భస్రావం చట్టానికి వ్యతిరేకంగా "మేము గర్భస్రావం చేయించుకున్నాం" అని బహిరంగంగా ప్రకటించిన 374 మంది స్త్రీలలో కూడా ఆమె ఉంది. నటి రోమీ ష్నైడర్ కూడా వాళ్ళలో ఉంది. ఒక తారకి అది ఎంత టెన్షన్ తెచ్చే నిర్ణయమో ఊహించగలం. అయినా పేరు ఇచ్చింది, ఫోటో ఇచ్చింది.

ఇవన్నీ తెలిశాక మళ్ళీ 'ది డబుల్ అఫైర్' చూశాను. 'ఇట్ టేక్స్ ఎ థీఫ్' మొత్తం డీవీడీలుగా వచ్చాక అదీ తెప్పించుకున్నాను. ఒక మనిషి తర్వాత ఏమవుతుందో తెలిసి ఆమె యవ్వనాన్ని చూడటం విచిత్రంగా ఉంటుంది. గౌను, హెయిర్‌స్టైల్, హీరోని చూసి కళ్ళు వాల్చడం అన్నీ స్టూడియో వాళ్ళు ఇచ్చినవి. ఆ ఆగడం మాత్రం ఆమెది. దాన్ని ఆమె ఎవరికీ ఇవ్వలేదు, ఎక్కడా వదిలెయ్యలేదు. స్టూడియో అట్ట గోడల మధ్య కూడా జాగ్రత్తగా కాపాడుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయింది. ఆమె అక్కడే ఉండిపోయి ఉంటే ఇంకో పదేళ్ళు కౌంటెస్‌లు, గూఢచారిణులు వేసేది, ఆ తర్వాత పిలుపులు ఆగిపోయేవి. ఎంతమందికి అలా జరిగిందో ఆ కాలం టైటిల్స్ చూస్తే తెలుస్తుంది.

2015లో శరణార్థులు రైళ్ళ నిండా మ్యూనిక్ స్టేషన్‌కి వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. జనం నీళ్ళ సీసాలు, బొమ్మలు పట్టుకుని ప్లాట్‌ఫారాల దగ్గర నిలబడ్డారు. మరుసటి ఏడు సెంటా బెర్గర్ కొడుకు సైమన్ తీసిన 'విల్‌కొమ్మెన్ బై డెన్ హార్ట్‌మాన్స్' వచ్చింది. మ్యూనిక్‌లో రిటైరైన టీచరమ్మ నైజీరియా శరణార్థిని ఇంట్లో పెట్టుకుంటానని పట్టుబడుతుంది. భర్తకి ఇష్టం లేదు, పిల్లలకి వాళ్ళ గొడవలు వాళ్ళవి. ఆ టీచరమ్మ సెంటా బెర్గర్. హాలు నిండిపోయింది, మా పక్క సీట్లలో ముసలి జంటలు పగలబడి నవ్వుతున్నారు. బెర్లిన్ స్కూలు ఆవరణలో నిలబడ్డ ఆ టీచరు నుంచి ఈ టీచరమ్మ దాకా సరిగ్గా యాభై ఏళ్ళు. నా కూతురికి ఆ సినిమా చాలా నచ్చింది. ఇంటికొచ్చాక 1964 నాటి సెరీనాని చూపిస్తే నమ్మలేదు. తర్వాత తనే వెతికి 'క్విలర్' చూసింది. చివరి సీను గురించి నాతో చాలాసేపు వాదించింది. ఆ టీచరు నిజంగా దోషి అని తను, కాదేమోనని నేను.

ఫెర్‌హోఫెన్ 2024 ఏప్రిల్‌లో పోయారు. 1966లో పెళ్ళయిన జంట. అంతకు ముందు ఏడాదే ఆమె 'వైస్ట్ డు నోఖ్' అనే సినిమా చేసింది. మరుపు మొదలైన ముసలి భార్యాభర్తలు పాత జ్ఞాపకాలు తిరిగి తెచ్చే మాత్ర వేసుకుని ఒక రాత్రంతా మాట్లాడుకుంటారు. ఎదురుగా గ్యుంటర్ మరియా హాల్మెర్. ఎనభై దాటిన మొహం, సినిమాలో చాలా భాగం ఇద్దరే. అతను ఏదో పాత విషయం గుర్తు చేస్తాడు, తప్పుగా గుర్తు చేస్తాడు. ఆమె వెంటనే ఖండించదు. నేనూ నా కూతురూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తను నాకన్నా ముందే అంది, "నాన్నా, ఆగింది చూడు."